గాజుముక్క మీద తేదీ

మా సంఘంలో ముగ్గురు పిల్లలకు ఈ ఏడాది రైల్వే ఇంజనీరింగ్ విభాగంలో ఉద్యోగాలు వచ్చాయి. సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ నా దగ్గరికి వచ్చి, "అంకుల్, మీ సర్వీసులోది ఏదైనా మాకు పనికొచ్చేలా రాసివ్వండి" అన్నారు. నా పదవీ విరమణ సభలో నేను చెప్పిన కబుర్లు వాళ్ళు విన్నవాళ్ళే. వానల్లో గండి పూడ్చడం, నీళ్ళ ట్యాంకు ఎక్కి దిగడం లాంటివి చెప్పడం సులువు. దండలు వేసినవాళ్ళు కూడా అలాంటివే వినాలనుకుంటారు. ఈ సంగతి ఆ రోజు చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒళ్ళు చల్లబడేంత భయం నాకు ఒక్క స్టేషన్లోనే కలిగింది. ఆ భయానికి కారణం నేనే.

ఊరి పేరు రాయను. సూరత్ నుంచి తూర్పుకి వెళ్ళే లైన్లో, పాసింజర్ బండిలో గంటన్నర దూరం. చిన్న నగరం. ఒక చక్కెర ఫ్యాక్టరీ, రెండు పత్తి మిల్లులు, సూరత్‌లో చోటు దొరక్క అక్కడికి మారిన మరమగ్గాల షెడ్లు. ఆ మగ్గాల మీద పనిచేసేవాళ్ళలో చాలామంది తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలవాళ్ళే. నేను సూరత్‌లోని అడాజన్‌లో ఉండి ఆ లైన్లో భవనాలు చూసేవాణ్ణి. స్టేషన్లు, క్వార్టర్లు, గోదాములు, వాటి గోడలు, కప్పులు అన్నిటికీ నాదే పూచీ.

ఆ స్టేషన్ కట్టి నూరేళ్ళు దాటింది. మహారాష్ట్ర వైపు ఖాందేశ్ పత్తిని సూరత్‌కి తెచ్చుకోవడానికి దొరల కంపెనీ వేసిన లైను అది. పునాది నల్లరాయి, పైన సున్నంతో కట్టిన ఇటుక, రెండడుగుల మందం గోడలు. ప్లాట్‌ఫారం వైపు వరండాకి పోత ఇనుప స్తంభాలు. చూరు అంచున, డాంగ్ అడవి టేకులో ఆకుల్లా కోసిన చెక్క పట్టీ. టికెట్ కిటికీ ఎంత కిందికి ఉండేదంటే, ఎంత పొడుగు మనిషైనా అక్కడ వంగి మాట్లాడాల్సిందే. కట్టినవాడు ప్రార్థన తెలిసినవాడయ్యుంటాడని నేను సరదాగా అనేవాణ్ణి.

వెయిటింగ్ హాలు మొదట్లో పత్తి బేళ్ళ గోదాము. దాని కప్పు మీరిప్పుడు ఎక్కడా కట్టరు. పాత రైలు పట్టాలనే దూలాలుగా పరిచి, పట్టాకీ పట్టాకీ మధ్య ఇటుకలతో చిన్న కమాను కట్టి, పైన సున్నం కాంక్రీటు పోసేవారు. కింద నిలబడి తలెత్తితే కప్పంతా అలలు అలలుగా కనిపిస్తుంది. గోదాముని హాలుగా మార్చినప్పుడు ఎవరో వాకిలి వెడల్పు చేయడానికి మధ్య గోడని కోసి ఒక ఇనుప దూలం పెట్టారు. అది నాకంటే ముందు జరిగింది. కప్పు కారినప్పుడల్లా పాత పూత తీయకుండా దానిమీదే కొత్త పూత వేస్తూ, కప్పు బరువు పెంచుతూ పోయారు. అలాంటి పూతలు మొత్తం అయిదు. వాటిలో రెండు నేను వేయించినవి.

ఆ వాకిలి మీద గోడలో ఒక పగులు వచ్చింది. పగులు వచ్చినంత మాత్రాన కంగారుపడరు. అది పాతదై ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అన్నదే ముఖ్యం. అది తెలుసుకోవడానికి పగులు మీద అడ్డంగా ఒక పలచని గాజుముక్క పెట్టి, రెండు చివరలూ సిమెంటుతో అతికించి, ఆ సిమెంటు మీద తేదీ గీస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కున విరుగుతుంది. మీకు ఇప్పుడు మీటర్లూ సెన్సర్లూ ఇస్తారు. మాకు గాజుముక్కే.

మా మేస్త్రి ఖాందేశ్ మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. మేము హిందీలో మాట్లాడుకునేవాళ్ళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. గాజు అతికించింది అతనే. ఏడాదికి పైగా అది విరగలేదు. నాకు ఎంత ధీమా వచ్చిందంటే, సంఘంలో వాక్యం చెప్పే వంతు వచ్చినప్పుడు ఆ గాజుముక్కనే ఉదాహరణగా చెప్పాను. మనస్సాక్షి కూడా అంతేనని, చిన్న కదలిక వచ్చినా విరిగి చెబుతుందని. అందరూ ఆమేన్ అన్నారు. మా పాస్టర్ గారు భుజం తట్టారు.

వేసవి మొదట్లో పై అధికారి వార్షిక తనిఖీ వచ్చింది. తనిఖీ అంటే మాకు పెళ్ళి పనుల్లాంటిది. పదిహేను రోజులు సున్నాలు, రంగులు, రాళ్ళ మీద ఎర్రమట్టి గేరూ పూతలు. ఇంకా రెండు రోజులుందనగా మేస్త్రి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"సాహెబ్, గాజు పోయింది."

వెళ్ళి చూశాను. నడిమికి విరిగింది. శుభ్రమైన విరుపు.

"రంగులవాళ్ళ నిచ్చెన తగిలి ఉంటుంది" అన్నాను.

"తగిలితే ముక్క కింద పడాలి కదా సాహెబ్. ఇది ఉన్నచోటే విరిగింది."

అతను చెప్పింది నిజం. విరిగిందని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. హాలు మూయాలి, కప్పుకి ఆసరాగా కింద నుంచి పోట్లు పెట్టాలి. పై అధికారి అడుగుపెట్టే రోజున ఆ హాలు మధ్యలో దుంగలు నిలబడి ఉండాలి. అయిదో పూత ఎందుకు వేశావని అడుగుతారు.

"కొత్తది అతికించు" అన్నాను.

"తేదీ ఏది వేయమంటారు?"

"పాతదే వెయ్యి."

నేను అన్నది ఆ రెండు మాటలే. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. పై అధికారి అలల కప్పు చూసి ముచ్చటపడి, గోడని అరచేత్తో తట్టి, "ఇలాంటివి కాపాడుకోవాలి" అన్నారు. అది ఏ గోడో చెప్పనక్కర్లేదు. నాకు ఒక మెప్పు పత్రం వచ్చింది.

అప్పుడు మొదలైంది. హాలు పక్కనుంచి బొగ్గు గూడ్సు వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళ కింద నేల కదిలినట్టుండేది. అది వట్టి రైలు అదురేనని నాకు తెలుసు, అయినా నడుము దగ్గర చల్లగా పాకేది. హాల్లో ఎవరైనా పిల్లల్ని పడుకోబెడితే అటు చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి. ప్రార్థనకి మోకరిస్తే రెండే విన్నపాలు నోటికొచ్చేవి: కప్పు పడకూడదు, సంగతి బయటపడకూడదు. కొన్నాళ్ళకి నాకే తెలిసింది, రెండోదే ఎక్కువసేపు అడుగుతున్నానని.

వానాకాలం వచ్చింది. తడిసిన కప్పు బరువెక్కువ, గాజు విరగాలంటే అప్పుడే విరగాలి. వారం వారం వెళ్ళి కింద నిలబడి తలెత్తి చూసేవాణ్ణి. గాజు విరగలేదు. ఒక్క వారం కూడా విరగలేదు. నిచ్చెన వేయించుకుని దగ్గర నుంచి చూడాల్సింది, చూడలేదు. కింద నుంచి కనిపించినదాన్నే దేవుడిచ్చిన జవాబుగా తీసుకున్నాను. నిచ్చెన కూడా ఎక్కని మనిషికి దేవుడు ఎందుకు జవాబివ్వాలో అప్పుడు తట్టలేదు.

దీపావళికి మూడు రోజుల ముందు మగ్గాలు ఆగుతాయి. నేతవాళ్ళు పిల్లాపాపలతో ఊళ్ళకు బయలుదేరతారు. భూసావల్ మీదుగా తెలంగాణ వైపు పోయే బండి ఆ స్టేషన్లో మధ్యాహ్నం ఆగుతుంది. పండగ జనం వరసలో నడవడానికి నేను కట్టించిన కర్రల దారీ, నీళ్ళ కుళాయిలూ చూడటానికి వెళ్ళాను. హాలు కిక్కిరిసి ఉంది. మూడు వందల మందికి తక్కువుండరు. సంచులు, బకెట్లు, గోనెలో కట్టిన మిక్సీలు. వాకిలి కింద ఒకావిడ చాప పరిచి ముసలి అత్తని కూర్చోబెట్టి పులిహోర తినిపిస్తోంది. ఆ ముసలావిడ భుజం మీద తెల్లటి పొడి. విబూది అనుకున్నాను. ఆవిడ దులుపుకుంది. కాసేపటికి మళ్ళీ పడింది.

తలెత్తాను. గాజు బాగానే ఉంది. కాని దాన్ని పట్టుకున్న సిమెంటు లేత బూడిద రంగులో ఉంది. ఏడు నెలల కిందటి సిమెంటు అలా ఉండదు.

మేస్త్రిని వరండాలోకి పిలిచాను.

"ఆ గాజు ఎప్పుడు పెట్టావు?"

"మొన్న సోమవారం."

"ఎందుకు?"

"విరిగింది కదా సాహెబ్."

"విరిగితే నాకు చెప్పవా?"

అతను నావైపు నిజంగానే ఆశ్చర్యంగా చూశాడు. "మీరే చెప్పారు కదా. కొత్తది అతికించు, పాత తేదీ వెయ్యి అని. ప్రతిసారీ మిమ్మల్ని అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే చేస్తున్నాను. ఇది నాలుగోది."

"నాలుగోదా?"

"వానల్లో రెండు. తర్వాత ఇది. పగులు కూడా వెడల్పయితే సున్నం పెట్టి మెత్తాను. మీకు మాట రాకూడదని."

నేను ఒకసారి చేసిన తప్పుని అతను నా ఆజ్ఞగా, పద్ధతిగా మార్చుకుని శ్రద్ధగా నెరవేర్చాడు. వానాకాలమంతా నేను దేవుడి జవాబనుకుని చూసింది అతను అతికించిన గాజుని.

స్టేషన్ మాస్టర్ గదికి పరుగెత్తాను. ఆయన కరీంనగర్ వైపు మనిషి, గుజరాత్‌లో ఇరవై ఏళ్ళు చేసినా యాస పోలేదు. నేను సంఘ పెద్దనని తెలిసి నన్ను పాస్టర్ సాబ్ అనేవాడు.

"మాస్టారూ, హాలు ఖాళీ చేయించండి. ఇప్పుడే."

"ఏమైంది పాస్టర్ సాబ్, దేవుడు కలలకొచ్చి చెప్పిండా?"

"కప్పు బాగాలేదు."

ఆయన నవ్వు ఆగింది. మెమో పుస్తకం నా ముందుకి తోశాడు. "రాసియ్యి. నోటి మాట మీద నేను మూస్తే రేపు నన్ను పట్టుకుంటరు."

రాశాను. ముందు జాగ్రత్తగా, మరమ్మతు నిమిత్తం, హాలు మూయవలసినది. ఆయన చదివి నావైపు తిప్పాడు.

"మరమ్మతంటే పండుగెల్లినంక చేస్కో. గూడ్సు ముందటి స్టేషన్ దాటింది, దాన్ని ఆపాలె. దాని ఎనకనే మనోళ్ళ బండి, అది గూడ ఆగుతది. కంట్రోల్ ఆఫీసోడు ఎందుకని అడిగితే గీ కాయితం సదివితే నన్ను తిడ్తడు. అసలు సంగతేందో రాయ్ సాబ్."

కలం నా చేతిలోనే ఉంది. చదువుతున్న మీకు ఇది పెద్ద నిర్ణయంలా కనిపించకపోవచ్చు. ఒక పక్క మూడు వందల మంది, ఒక పక్క ఒక కాగితం. కాని నిజం చెబుతున్నాను, నేను ఆలోచించాను. గూడ్సు దాటిపోతే, బండొచ్చి వీళ్ళంతా ఎక్కిపోతే, రేపు మెల్లగా పోట్లు పెట్టించుకోవచ్చు కదా అని ఆలోచించాను. ఎన్ని క్షణాలో తెలియదు. ఆ క్షణాల్లో ముసలావిడ భుజం మీద ఎంత పొడి పడిందో కూడా తెలియదు.

మొదటి కాగితం చింపి రెండోది రాశాను. హాలు గోడ కదులుతోంది. గాజు విరిగిన సంగతి నాకు ఏడు నెలల కిందటే తెలుసు. నా మాట మీదే కొత్త గాజుకి పాత తేదీ వేశారు, మేస్త్రి తప్పు లేదు. కప్పు పడే ప్రమాదం ఉంది. సంతకం పెట్టాను.

మాస్టారు చదివాడు. రెండోసారి చదివాడు. "గిదేంది సాబ్, నీ మీద నువ్వే రాసుకున్నవ్" అన్నాడు మెల్లగా. ఫోను అందుకుని గూడ్సుని సిగ్నల్ దగ్గరే ఆపించాడు. "పది నిమిషాలు. అంతకంటే ఎక్కువ నాతోని కాదు."

మైకులో గుజరాతీలో, హిందీలో చెప్పించారు. ఎవరూ కదల్లేదు. పండగ రద్దీలో మైకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. నేను హాల్లోకి వెళ్ళి, నడుమ నిలబడి తెలుగులో అరిచాను, అందరూ బయటికి రండని. పులిహోర తినిపిస్తున్న ఆవిడ తల తిప్పింది.

"ఏంది సారూ, జర నీడకు కూసున్నం, గది గూడ ఓర్వరా? గా ఎండల మా అత్త ఆగుతదా?"

"అమ్మా, కప్పు పడిపోతుందేమోనని."

"ఎప్పటికెళ్ళి?"

ఆ ప్రశ్న నేను ఎదురుచూడలేదు. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "ఏడు నెలల నుంచి. నాకు తెలుసు. తప్పు నాది."

చుట్టూ కొందరు లేచారు. ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉంది. "తెల్సి గూడ గిన్నొద్దులు మమ్మల్ని గీడనే కూసోవెట్టినవా?" అంది. గొంతు పెంచలేదు. నాకు ఇంకే మాటా అంతగా తగల్లేదు, తర్వాత విచారణలో అన్నవి కూడా. ఆవిడ ముద్ద డబ్బాలో వేసి మూత పెట్టి, "లేవుండ్రి, లేవుండ్రి, సారు గిట్ల జెప్తుండంటే నిజమే ఉంటది" అని తనవాళ్ళని తోయడం మొదలుపెట్టింది. మేస్త్రి ఆ ముసలావిడని వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆవిడ అతని చెవి పట్టుకుని, "మెల్లగ బిడ్డా, నేను గోనె సంచిని కాదు" అంటే అతనికి తెలుగు రాకపోయినా "హా మాజీ, హా మాజీ" అంటూ నడిచాడు.

పది నిమిషాలు చాలలేదు. పద్దెనిమిది పట్టింది. కంట్రోల్ నుంచి తిట్లు మాస్టారు ఒక్కడే తిన్నాడు. ఆఖరి మనిషి దాటాక నేను హాలంతా తిరిగి చూశాను, బల్లల కింద కూడా వంగి చూశాను, ఎవరైనా పిల్లలు ఉండిపోయారేమోనని. ఆ కప్పు కింద ఒంటరిగా నడిచిన ఆ కాసేపు నాకు ప్రార్థన గుర్తులేదు. వంగిన ప్రతిసారీ మెడ మీద ఏదో పడబోతున్నట్టు భుజాలు ముడుచుకున్నాను. బయటికొచ్చి తలుపు గొళ్ళెం పెట్టాను.

గూడ్సుని నడక వేగంలో వదిలారు. జనమంతా ఎండలో నిలబడి హాలువైపు చూస్తున్నారు. ఒక్కో పెట్టె దాటుతుంటే కిటికీ అద్దాలు గలగలలాడాయి. లోపల ఎక్కడో ఒక ఇటుక పడ్డ చప్పుడు. తర్వాత ఇంకొకటి. నేను కళ్ళు మూసుకున్నాను. ఆఖరి పెట్టె దాటింది. కప్పు అలాగే ఉంది.

"పడలే" అన్నాడు ఎవరో, కొంచెం నిరాశగా. కొందరు నవ్వారు. బండి వచ్చింది, ఎక్కారు, వెళ్ళిపోయారు. పులిహోర ఆవిడ కిటికీలోంచి నన్ను చూసింది. చెయ్యి ఊపలేదు.

తర్వాతది క్లుప్తంగా చెబుతాను. చార్జిషీటు వచ్చింది. రావాల్సిన ప్రమోషన్ రాలేదు. మేస్త్రి మచ్చ లేకుండా రిటైరయ్యాడు. అంతవరకు నా మెమో పనిచేసింది. తోటివాళ్ళు రెండు రకాలు. పడని కప్పుకి ఇంత రాసుకోవడం ఎందుకన్నవాళ్ళు కొందరు. నా టేబుల్ దాటేటప్పుడు మాట్లాడటం మానేసినవాళ్ళు కొందరు. కప్పు విప్పినప్పుడు నేనూ వెళ్ళాను. పట్టాల చివరలు గోడలో ఉన్నచోట తుప్పు పొరలు పొరలుగా రాలింది. మేస్త్రి బొటనవేలితో నొక్కితే వేలు దిగింది. పరీక్షకి వచ్చిన పెద్ద ఇంజనీరుని అడిగాను, ఇంకెంతకాలం నిలిచేదని. "ఇరవై ఏళ్ళో, ఇరవై నిమిషాలో. ఇనుము చెప్పదు" అన్నారు. హాలు తీసేశారు. ఇప్పుడు స్టేషన్ని మళ్ళీ కట్టబోతున్నారు, ఆ కొత్త నమూనాలో మిగతాదాన్ని ఎంత ఉంచుతారో, ఎంత తీస్తారో ఇంకా తేలలేదు.

మీరు ముగ్గురూ అప్పుడు చిన్నవాళ్ళు కాబట్టి సంఘంలో జరిగింది మీకు గుర్తుండదు. ఆ దీపావళి తర్వాతి ఆదివారానికి సంగతి అందరికీ పాకింది, నేను మూడు వందల మందిని కాపాడానన్న రూపంలో. సాక్ష్యాల సమయంలో పాస్టర్ గారు నన్ను పిలిచి, ఆ రోజు దేవుడు ఎలా కాపాడాడో చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. స్టేషన్ మాస్టర్ ముందు రాయడం కంటే ఇది కష్టమని అప్పుడు తెలిసింది. మొదటి వరసలో మా ఆవిడ చేతులెత్తి సిద్ధంగా ఉంది.

"దేవుడు ఆ రోజు మూడు వందల మందిని కాపాడాడు" అన్నాను. స్తోత్రం అన్నారు అందరూ. "కప్పు నుంచి కాదు. నా నుంచి."

ఎవరూ స్తోత్రం అనలేదు. మా ఆవిడ చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను, నేను ఎక్కని నిచ్చెన సంగతితో సహా.